రూపాయి బలిసిన ఏడాది

రండి, కూర్చోండి. కాఫీ వస్తోంది. ఈలోగా ఒక మాట అడుగుతాను. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటిందని చదివి మీరు నిట్టూర్చారా? నిట్టూర్చే ఉంటారు. రూపాయి పడిందంటే మన పరువే పడిందనుకోవడం మనకు అలవాటు. సరే, మరి అదే డాలరు 39 రూపాయలకు దిగొచ్చిన రోజులు గుర్తున్నాయా? తాతలనాటి సంగతి కాదు, 2007 నాటి మాట. ఆ ఏడాది మొదట్లో డాలరుకు 44 రూపాయల పైచిలుకు ఇచ్చుకునేవాళ్లం. చివరికొచ్చేసరికి 39 రూపాయల చిల్లరకే వచ్చేసింది. అంతకు ముందు తొమ్మిదేళ్లలో రూపాయి అంత బలంగా ఎప్పుడూ లేదు.

పరువు లెక్కన చూస్తే వీధివీధినా టపాసులు పేలాలి. పేలలేదు సరికదా, తిరుప్పూర్ బనియన్ల ఫ్యాక్టరీల్లో పని తగ్గింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏడాది అంచనాలు తిరగరాసుకున్నాయి. దుబాయ్‌లో మేస్త్రీ పనివాళ్లు సమ్మెకు దిగారు.

"రూపాయి బలపడితే ఏడ్చేవాళ్లు కూడా ఉంటారా?" అంటారు మీరు. ఉంటారు. వాళ్లలో మనవాళ్లూ తక్కువేం కాదు. ఇవాళ్టి కబుర్లు వాళ్ల గురించే.

ముందు ఆ బలం ఎక్కడిదో చూద్దాం. మన దేశం ఉన్నట్టుండి ఎగుమతులు దంచేసి డాలర్లు పోగేసిందేమో అనుకునేరు. అదేం కాదు. అప్పుడు కూడా మనం అమ్మేదానికన్నా కొనేదే ఎక్కువ. డాలర్లు వచ్చింది షేర్ మార్కెట్ దారిన, విదేశీ అప్పుల దారిన. ఆ ఏడాది మొదట్లో 14 వేల దగ్గర ఆడుతున్న సెన్సెక్స్ అక్టోబరు చివరికి 20 వేలు తాకింది. ఆ పరుగులో పాలుపంచుకోవడానికి విదేశీ ఫండ్లు డాలర్లు తెచ్చి మన రూపాయలు కొన్నాయి. మన కంపెనీలు కూడా తక్కువ వడ్డీ ఉందని విదేశాల్లో అప్పు చేసి డాలర్లు పట్టుకొచ్చాయి. సెప్టెంబరులో అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీ అర శాతం కోసేసరికి డాలరు ఇంకా పలచబడింది. కొనేవాళ్లు ఎక్కువైతే దేని ధరైనా పెరుగుతుంది కదా, రూపాయి ధరా పెరిగింది.

అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు ఎవరో తెలుసుగా? కడప జిల్లాలో పుట్టిన యాగా వేణుగోపాల్ రెడ్డి గారు. ఆయన ముందు చిక్కు ప్రశ్న ఒకటుంది. ధరల పెరుగుదల ఏడాది మొదట్లోనే ఆరు శాతం దాటింది. రూపాయిని పెరగనిస్తే దిగుమతులు చవకై ధరలు కాస్త చల్లబడతాయి, కానీ ఎగుమతిదారుల కొంప మునుగుతుంది. పెరగనివ్వకుండా ఆపాలంటే వచ్చిన డాలర్లన్నీ రిజర్వు బ్యాంకే కొనాలి. కొంటే ఆ మేరకు రూపాయలు బజార్లోకి వస్తాయి, ధరలు మళ్లీ మండుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో రిజర్వు బ్యాంకు కాస్త పక్కకు తప్పుకుంది. కొద్ది వారాల్లోనే డాలరు 44 నుంచి 41కి జారింది. ఆ తర్వాత మళ్లీ రంగంలోకి దిగి డాలర్లు కొంటూ పోయింది. 2007 మార్చిలో దాదాపు 200 బిలియన్ డాలర్లున్న మన విదేశీ నిల్వలు మరుసటి మార్చికి 300 బిలియన్లు దాటాయంటే ఆ కొనుగోళ్లు ఏ పాటివో ఊహించుకోండి.

అలా బజార్లోకి వచ్చిన రూపాయల్ని మళ్లీ లాక్కోవడానికి మార్కెట్ స్టెబిలైజేషన్ స్కీమ్ అని ఒక ఏర్పాటుంది. 2004లో పెట్టారు. ప్రభుత్వం పేర బాండ్లు అమ్మి, వచ్చిన సొమ్మును ఖర్చు పెట్టకుండా రిజర్వు బ్యాంకులోనే పక్కన పెట్టేస్తారు. ఒక చేత్తో పోసిన నీళ్లను ఇంకో చేత్తో తోడుకోవడమన్నమాట. 2007 చివరికి ఆ బాండ్ల పరిమితిని రెండున్నర లక్షల కోట్ల రూపాయల దాకా పెంచాల్సి వచ్చింది. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు నిష్పత్తిని నవంబరుకల్లా ఏడున్నర శాతం చేశారు. ఇదేమీ ఉచితంగా జరిగే పని కాదు. ఆ బాండ్లకు వడ్డీ ప్రభుత్వం కట్టాలి. అంటే రూపాయిని మరీ పెరగకుండా పట్టి ఉంచిన ఖర్చులో మీదీ నాదీ కూడా వాటా ఉంది.

పెద్దల లెక్కలు చాలు, ఇక బజారుకు పోదాం. డాలరు పదకొండు శాతం చవకైంది. మరి మన సంచిలోకి ఏం వచ్చింది?

పెట్రోలుతో మొదలుపెడదాం. ఆ ఏడాది మొదట్లో యాభై డాలర్ల పైచిలుకున్న పీపా ముడిచమురు నవంబరుకు వంద డాలర్ల దగ్గరికి పాకింది. వంద డాలర్ల పీపాకు పాత రేటున 4,400 రూపాయలు పోయాలి, కొత్త రేటున 3,950 చాలు. పీపాలో 159 లీటర్లు. వేసి చూడండి, లీటరుకు మూడు రూపాయలకు కాస్త తక్కువగా మిగిలింది. మీ జేబులో పడిందా? పడలేదు. అప్పట్లో పెట్రోలు ధర ప్రభుత్వం చెప్పినట్టు నడిచేది. చమురు మండిపోతున్నా బంకులో రేటు పెద్దగా కదల్లేదు. ఆ నష్టం ప్రభుత్వ చమురు కంపెనీలు మోశాయి, రూపాయి బలం వాళ్ల మోతబరువు కాస్త తగ్గించింది. మనకు కలిగిన మేలు మన కంటికి కనబడలేదు. పెరగాల్సింది పెరగలేదు, అంతే. పెరగని ధరకు దండం పెట్టేవాడు ఎవడుంటాడు చెప్పండి?

బంగారం సంగతీ అంతే. 2007లో అంతర్జాతీయంగా డాలర్లలో బంగారం ధర సుమారు 30 శాతం ఎగబాకింది. మన రూపాయల్లో పెరిగింది అందులో సగం, మహా అయితే ఇంకొంచెం. పెళ్లివారికి నిజంగా కలిసొచ్చిన మాటే. కానీ షాపులో నిలబడ్డ పెళ్లికూతురి తల్లి "అమ్మో, తులం పది వేలు దాటిందే" అనుకుందే తప్ప, "రూపాయి బలపడకపోతే ఇంకో వెయ్యి పైన ఉండేది" అని సంబరపడి ఉంటుందా?

టీవీలు, లాప్‌టాప్‌లు, సెల్‌ఫోన్లు? ఇక్కడ వర్తకుడి మనస్తత్వం తెలుసుకోవాలి. డాలరు పెరిగినప్పుడు "సరుకు రేటు పెరిగింది సార్, మా చేతిలో ఏం లేదు" అంటాడు. తగ్గినప్పుడు "ఇది పాత స్టాకు సార్" అంటాడు. రెండోది పూర్తిగా అబద్ధమూ కాదు. గోడౌన్‌లో ఉన్న సరుకు మూడు నెలల కిందటి డాలరుతో కొన్నదే. డబ్బా మీద ఎమ్మార్పీ అచ్చయిపోయి ఉంటుంది. పైగా దిగుమతిదారుకు ఇంకో భయం: రేటు ఇవాళ దించితే రేపు రూపాయి మళ్లీ పడ్డప్పుడు పెంచడం కష్టం. అందుకని ఆ తేడాను కొన్నాళ్లు తన దగ్గరే ఉంచుకుని చూస్తాడు. పక్క కొట్టువాడు దించితే తప్ప తను దించడు. పోటీ గట్టిగా ఉన్న సరుకులో మనకు త్వరగా లాభం అందుతుంది, ఇద్దరు ముగ్గురే ఏలుతున్న సరుకులో దారిలోనే ఆవిరైపోతుంది.

ఇది మన కొట్ల గుణమే అనుకోకండి. స్విట్జర్లాండ్‌లో ఏం జరిగిందో వినండి. యూరోకు 1.20 ఫ్రాంకులకు తగ్గనివ్వమని వాళ్ల కేంద్ర బ్యాంకు మూడేళ్లకు పైగా పట్టుకుని కూర్చుంది. 2015 జనవరి 15న, ముందు మాట కూడా అనకుండా, ఆ పట్టు వదిలేసింది. నిమిషాల్లో ఫ్రాంకు ఆకాశానికి లేచింది. గడియారాలు, యంత్రాలు ఎగుమతి చేసే కంపెనీల షేర్లు కూలాయి. జనం మాత్రం సంచులు పట్టుకుని సరిహద్దు దాటి జర్మనీలోని కాన్‌స్టాంజ్ ఊరికి వెళ్లి మాంసం, సబ్బులు, డైపర్లు కొనుక్కొచ్చారు. అక్కడి పన్ను కూడా వాపసు వచ్చేది మరి. యూరోతో పోలిస్తే ఫ్రాంకు ఆ ఏడాదంతా సగటున పది శాతానికి పైగా బలంగానే నిలిచింది. అయినా స్విట్జర్లాండ్‌లో సగటు ధరలు తగ్గింది ఒక శాతం పైచిలుకే. అంత క్రమశిక్షణ గల దేశంలోనే కొట్టువాడి చేతిలోంచి లాభం జారడం అంత కష్టమైతే, మన కోఠిలో, మన బీసెంట్ రోడ్డులో జారుతుందా?

2007లో ఆ మేలు సూటిగా, పూర్తిగా అందినవాళ్లు ఒకరున్నారు: పిల్లల్ని అమెరికా చదువుకు పంపుతున్న తల్లిదండ్రులు. 20 వేల డాలర్ల ఫీజుకు పాత రేటున 8 లక్షల 80 వేలు కావాలి, ఏడాది చివరి రేటున 7 లక్షల 90 వేలు చాలు. అక్షరాలా 90 వేలు మిగులు. మధ్యలో ఏ వర్తకుడూ లేడు, ఎమ్మార్పీ లేదు. డాలరును డాలరుగా కొనుక్కునేవాడికే డాలరు చవక పూర్తిగా దక్కుతుంది.

ఇంకో సరదా సంగతి. అప్పట్లో తాజ్ మహల్ లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో విదేశీయులకు టికెట్ "5 డాలర్లు లేదా 250 రూపాయలు" అని ఉండేది. డాలరును యాభై రూపాయలకు కట్టి రాసిన బోర్డు అది. డాలరు నలభైకి దిగేసరికి 5 డాలర్లంటే 200 రూపాయలే. తెలివైన టూరిస్టు డాలర్లే ఇస్తాడు కదా! చివరికి డాలర్లు మాకొద్దు, రూపాయలే కట్టండని మన ప్రభుత్వం తేల్చేసింది. డాలరును తాజ్ మహల్ గేటు దగ్గర వెనక్కి పంపిన దేశం మనది. రూపాయి పరువు గురించి బెంగపడేవాళ్లు ఆ రోజును తలుచుకుని కాసేపు మీసం మెలేసుకోవచ్చు.

మెలేశారా? ఇప్పుడు అవతలి గట్టుకు రండి.

భీమవరం వైపు రొయ్యల రైతుకు డాలరుతో పనేమిటనిపిస్తుంది. ఆయన బేరమంతా కౌంట్ మీద నడుస్తుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. ముప్పై కౌంట్‌కు ఒక రేటు, నలభై కౌంట్‌కు ఇంకో రేటు. పట్టుబడి రోజున ఏజెంటు చెప్పే ఆ రేటు వెనకాల మాత్రం విశాఖ రేవు, అమెరికా సూపర్ మార్కెట్టు, మధ్యలో డాలరు ఉంటాయి. ఎగుమతిదారు కిలో 10 డాలర్లకు ఒప్పుకున్నాడనుకోండి. 44 రేటున ఆయనకు 440 రూపాయలు వస్తాయి, 39.50 రేటున 395. నలభై అయిదు రూపాయలు గాల్లో కలిసిపోయాయి. ఆ నష్టం ఆయన ఒక్కడే భరిస్తాడా? ఏజెంటు మీదుగా చెరువు గట్టుకు దిగుతుంది. రైతు కొన్న మేత, సీడు, కరెంటు, కూలీ అన్నీ రూపాయల్లోనే, ఒక్కటీ తగ్గదు. దానికి తోడు అప్పటికే మన రొయ్యల మీద అమెరికా యాంటీ డంపింగ్ సుంకం వేసి ఉంది. దెబ్బ మీద దెబ్బ.

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దిమ్మలు, ఒంగోలు వేలంలో పొగాకు బేళ్లు, ఇవన్నీ అదే బాపతు. ఖర్చంతా రూపాయల్లో, రాబడి డాలర్లలో. అందరు ఎగుమతిదారులకూ ఇంత దెబ్బ తగలదు. సూరత్ వజ్రాల వ్యాపారి ముడి రాళ్లు డాలర్లలో కొంటాడు, సానబట్టి డాలర్లలో అమ్ముతాడు. అమ్మకంలో పోయింది కొనుగోలులో చాలావరకు తిరిగొస్తుంది. హైదరాబాదు మందుల కంపెనీ చైనా నుంచి ముడిసరుకు తెచ్చుకుంటే దానికీ కొంత ఊరట. నేలలో పండించి, మన మనుషుల చేత చేయించి బయటికి పంపేవాడికే పూర్తి దెబ్బ. ఇదే అసలు చేదు. మన దేశంలో ఎక్కువ మందికి పని కల్పించే ఎగుమతికే బలమైన రూపాయి ఎక్కువ కీడు చేస్తుంది.

సాఫ్ట్‌వేర్ కూడా ఆ జాబితాలోదే. అక్కడ ముడిసరుకంటే మనిషి బుర్రే కదా, జీతం రూపాయల్లో. 2007 జూలైలో ఇన్ఫోసిస్ తన ఏడాది ఆదాయం అంచనాను డాలర్లలో పెంచింది, అదే నోటితో రూపాయల్లో తగ్గించింది. పని పెరిగింది, రాబడి తగ్గింది! కేంద్రం కూడా ఆ నెలలోనే ఎగుమతిదారులకు సుమారు 1,400 కోట్ల రూపాయల ఊరట ప్రకటించింది. చిన్న ఎగుమతిదారులకు, చేనేత, తోలు, సముద్ర ఉత్పత్తుల లాంటి రంగాలకు అప్పు మీద వడ్డీ తగ్గించింది.

బయటికి ఏమీ అమ్మనివాడు కూడా తప్పించుకోలేడు. జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట వైపు పామాయిల్ రైతులున్నారు. గెలల ధర కట్టేటప్పుడు దిగుమతి నూనె ధర చూస్తారు. ఇండొనేషియా నూనె మన రూపాయల్లో చవకైతే వంటింట్లో ఇల్లాలికి మేలు, అదే ఊళ్లో గెల కోసే రైతుకు కోత. ఒకే నూనె, రెండు ఇళ్లు, రెండు లెక్కలు.

ఇక గల్ఫ్ కబురు. దిర్హాం డాలరుకు కట్టేసి ఉంటుంది, 1997 నుంచీ డాలరుకు 3.6725 దిర్హాంలే. డాలరు పడితే దిర్హాం కూడా పడుతుంది. 2007 మొదట్లో దిర్హాంకు 12 రూపాయలు వచ్చేవి, చివరికి పది రూపాయల డెబ్బై పైసలు. నెలకు వెయ్యి దిర్హాంలు ఇంటికి పంపే జగిత్యాల మనిషి నుంచి ఇంటికి చేరేది 12,000 కాస్తా 10,700 అయింది. ఆయన వీసా కోసం చేసిన అప్పు మాత్రం రూపాయల్లో ఉంది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ఆ అప్పు ఒక్క పైసా తగ్గలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో దుబాయ్‌లో వేలాది మంది నిర్మాణ కార్మికులు జీతాలు పెంచమని పని ఆపారు. అక్కడ సమ్మె చట్టవిరుద్ధమని తెలిసీ ఆపారు. అక్కడ అద్దెలు, తిండి ధరలు పెరగడం ఒక కారణం, ఇంటికి పంపే డబ్బు కరిగిపోవడం ఇంకో కారణం.

కువైట్ మాత్రం 2007 మే నెలలోనే తన దినారును ఒక్క డాలరుకే కట్టిన ముడి విప్పి, కొన్ని కరెన్సీల బుట్టకు కట్టుకుంది. దాంతో దినారు అంతగా పడలేదు. గవర్నరుగారి సొంత జిల్లా, అప్పటి ఉమ్మడి కడప నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లలో ఎక్కువ మంది దారి పట్టేది ఆ కువైట్‌కే. రాయచోటి, రాజంపేట ఇళ్లకు జరగాల్సినంత నష్టం జరగలేదంటే ఆ పుణ్యం కువైట్‌ది.

అయితే బలమైన రూపాయి చెడ్డదనేనా తీర్పు? తొందరపడకండి. ఒక మలుపు మిగిలింది. రూపాయి ఇక పెరుగుతూనే పోతుందని అందరూ నమ్మిన వేళ, చాలా మంది ఎగుమతిదారులు రాబోయే డాలర్లను నలభై రూపాయల దరిదాపుల్లో ముందే అమ్మేసుకున్నారు. అంతవరకు జాగ్రత్తే. కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, బ్యాంకులు చూపించిన చిత్రమైన డెరివేటివ్ ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. రూపాయి మీద రక్షణ కావాలని వెళ్లి, స్విస్ ఫ్రాంకు మీద, జపాన్ యెన్ మీద పందెం కాసి వచ్చారు. 2008లో అవి తిరగబడ్డాయి. కోర్టు కేసులు నడిచాయి. వేణుగోపాల్ రెడ్డి గారు ఆ సెప్టెంబరు మొదటి వారంలో పదవి దిగి, మన ఏలూరు వాస్తవ్యులు దువ్వూరి సుబ్బారావు గారు కుర్చీ ఎక్కిన పది రోజులకు లేమన్ బ్రదర్స్ కూలింది. ఎగబడి వచ్చిన విదేశీ డబ్బు తలుపు వెతుక్కుంది. 39 చూసిన డాలరు ఆ ఏడాది చివర్లోనే 50 దాకా పోయింది. నలభైకి అమ్ముకున్నవాడు నెత్తి కొట్టుకున్నాడు, ఫీజు రెండో ఏడు కట్టాల్సిన తండ్రి కూడా నెత్తి కొట్టుకున్నాడు. ఏడాదికోసారి దెబ్బ తినేవాడు మారాడంతే.

నాకైతే ఆ రెండేళ్లు చూశాక ఒకటే అనిపిస్తుంది. రూపాయి 40 దగ్గరున్నా, 90 దగ్గరున్నా జనం సర్దుకుంటారు. జీతాలు, ధరలు, బేరాలు మెల్లగా ఆ రేటుకు కుదురుకుంటాయి. కుదురుకునే వ్యవధి ఇవ్వకుండా పరుగెత్తితేనే కొంపలు కూలేది. మాకు ఫలానా రేటు అన్న లక్ష్యమేమీ లేదు, ఒడిదొడుకులు తగ్గించడమే మా పని అని రిజర్వు బ్యాంకు ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నది అందుకే. ఇంకో సంగతి కూడా గమనించారా? రూపాయి బలపడితే లాభం కోట్ల మందికి పైసాపైసాగా, చాలాసార్లు కంటికి కనబడకుండా పంచబడుతుంది. నష్టం మాత్రం కొందరి ఇంటికే, ఒక్క నెలలోనే, మూటగట్టుకుని వస్తుంది. అందుకే సంబరం వినబడదు, ఏడుపే వినబడుతుంది.

కాబట్టి ఈసారి పేపర్లో రూపాయి బలపడిందనో, నీరసించిందనో చూసినప్పుడు దేశం పరువు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ ఇంటి లెక్క తీయండి. డాలరు మీ ఇంట్లోకి వస్తోందా, బయటికి పోతోందా? వచ్చే ఇల్లయితే వచ్చినప్పుడల్లా కొంత అమ్ముకుంటూ పోండి, గరిష్ఠ రేటు కోసం కాపు కాయకండి. పోయే ఇల్లయితే, అమ్మాయి ఫీజో అబ్బాయి ఫీజో ఏడాదిలో కట్టాల్సి ఉంటే, విడతలవారీగా కొని పెట్టుకోండి. మీకు అర్థం కాని కాగితం మీద ఎవరు చెప్పినా సంతకం పెట్టకండి. రెండూ కాని ఇల్లయితే, కొట్టువాడు "పాత స్టాకు సార్" అన్నప్పుడు పక్క కొట్టులో కూడా ఒకసారి అడిగి రండి. బలమైన రూపాయి మన సంచిలో పడాలంటే ఆ మాత్రం నడక తప్పదు.